ఆరు స్క్రూలు, రెండు రాడ్లు

నా కారు డిక్కీలో ఎప్పుడూ ఒకరిద్దరి వెన్నుకి సరిపడా సామాను ఉంటుంది. ఎన్నికలప్పుడు రావులపాలెం దగ్గర తనిఖీలో ఒకసారి ఆపారు. కానిస్టేబుల్ గారు స్టీలు డబ్బా మూత తీసి, వరసల్లో గుచ్చి ఉన్న స్క్రూలు చూసి "ఏంటండి ఇవి, బోరు మోటారు సామానా?" అన్నారు. "మనిషి సామానండి, నడుముకి వేస్తారు" అన్నాను. ఆయన గబుక్కున మూత వేసేసి, తన నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నించుని నించుని నాకూ లాగేస్తందండి, ఆపరేషన్ అంటారేంటి?" అని అడిగారు. డబ్బు కట్టలున్నాయేమో చూడటం మర్చిపోయారు.

ఊళ్లో మా అమ్మ "మావాడు ఆపరేషన్లు చేస్తాడు" అని చెప్పుకుంటుంది. నేను డబ్బాలు మోస్తాను. రాజమండ్రిలో వెన్నెముక ఇంప్లాంట్లు సప్లై చేసే డీలర్ దగ్గర పని. బీయస్సీ చదివి, రెండేళ్లు మందుల కంపెనీ బ్యాగు మోసి, 2010లో ఇందులోకొచ్చాను. గోదావరి ఇటూ అటూ, కాకినాడ నుంచి పాలకొల్లు దాకా, ఏ ఆసుపత్రిలో వెన్ను ఆపరేషన్ పెట్టుకున్నా ముందురోజు సాయంత్రానికి సెట్టు అక్కడికి చేర్చాలి. వాళ్లు దాన్ని కడిగి, ఆటోక్లేవ్‌లో ఉడికిస్తారు. తెల్లారి నేనూ థియేటర్లోకి వెళ్లి ఓ మూల నించుంటాను. దేన్నీ ముట్టుకోకూడదు. సిస్టర్‌కి ఏ పరికరం ఎక్కడుందో తెలియకపోతే నా చేతిలో లేజర్ లైటు ఉంటుంది, ఆ ఎర్రచుక్క దాని మీద పెడతాను. కాన్ఫరెన్స్ హాళ్లలో పెద్దవాళ్లు స్లైడ్ల మీద తిప్పే లైటే. నేను ట్రేల మీద తిప్పుతాను.

సెట్టంటే మూడు డబ్బాలు. మోసేటప్పుడు పాతిక కిలోల పైనే అనిపిస్తుంది. ఒకదాంట్లో స్క్రూలు, రాడ్లు. మిగతా రెండిట్లో పనిముట్లు. స్క్రూ లావు 4.5 మిల్లీమీటర్ల నుంచి 7.5 దాకా, పొడవు 30 నుంచి 55 దాకా ఉంటుంది. ఒక్కో లావుకి ఒక్కో రంగు. నీలం, బంగారు రంగు, ఆకుపచ్చ. చూసినవాళ్లందరూ పెయింట్ అనుకుంటారు. టైటానియాన్ని ద్రావణంలో ముంచి కరెంటు ఇస్తే పైన సన్నటి పొర కడుతుంది, ఆ పొర మందాన్ని బట్టి వెలుగు రంగు మారి కనబడుతుంది. సబ్బునీళ్ల బుడగ మీద రంగుల్లాగా. పెయింటైతే ఒంట్లో ఊడిపోదూ!

పనిముట్లు చూస్తే వడ్రంగి పెట్టె గుర్తొస్తుంది. మొదట ఆల్. చెప్పులు కుట్టేవాళ్ల ఆరె లాంటిదే, కాస్త బలంగా ఉంటుంది. వెన్నుపూసకి వెనక వైపు రెండు పక్కలా పొట్టి గొట్టంలాంటి ఎముక ఉంటుంది, పెడికిల్ అంటారు. దాని ముఖద్వారం ఆల్‌తో తెరుస్తారు. తర్వాత ప్రోబ్, నెమ్మదిగా మెలితిప్పుతూ లోపలికి. ఆ తర్వాతది నాకు అన్నిట్లోకీ ఇష్టమైన పనిముట్టు, ఫీలర్. సన్నటి తీగ, చివర ఆవగింజంత గుండు. డాక్టర్ గారు దాన్ని బొక్కలోకి దించి కళ్లు ఎక్కడో పెట్టుకుని నాలుగు గోడలూ, అడుగూ తడుముతారు. లోపలి గోడ దాటితే నరాల దారి, కింది గోడ దాటితే బయటికొచ్చే నరం. ఆ పది సెకన్లూ థియేటర్లో ఎవరూ మాట్లాడరు, ఏసీ చప్పుడే. "బాగుంది" అన్నాక ట్యాప్‌తో మరలు కోసి స్క్రూ ఎక్కిస్తారు.

స్క్రూ తల యు ఆకారంలో ఉంటుంది, అటూ ఇటూ వాలుతుంది. అన్ని తలల్లోనూ పడేలా రాడ్ కూర్చోబెట్టి, పైన చిన్న నట్టు బిగిస్తారు. కంపెనీ వాళ్లు సెట్ స్క్రూ అంటారు, థియేటర్లో మాకది ఇన్నర్. కందిగింజ కన్నా కొంచెం పెద్దది. మొత్తం సెట్టులో చవకైనదీ, చిన్నదీ అదే. నాకు నిద్ర పట్టకుండా చేసిందీ అదే.

2013 ఆగస్టు. సమైక్యాంధ్ర ఉద్యమంతో రోడ్లన్నీ బందు. అమలాపురంలో ఒక ఆసుపత్రి నుంచి కబురు: ఎల్‌1 బరస్ట్ ఫ్రాక్చర్, అంటే నడుంలో మొదటి పూస నలిగి ముక్కలవడం, మగమనిషి, 48 ఏళ్లు, ఆరోగ్యశ్రీ కార్డు. నాకు పేషెంట్లు ఎప్పుడూ ఇలాగే తెలుస్తారు. ఏ పూస, ఎన్నేళ్లు, ఏ కార్డు. ఎలా పడ్డాడని నేను అడగలేదు, కోనసీమలో ఆ పూస విరిగిందంటే సగంసార్లు కొబ్బరిచెట్టే అని నా లెక్క. పక్కటెముకలతో బిగిసి ఉండే పైభాగం, వంగి లేచే నడుము కలిసేది అక్కడ. అరవై అడుగుల మీద నుంచి కాళ్ల మీద పడితే ఆ దెబ్బ మడమ దగ్గర మొదలై అక్కడికొచ్చి పేలుతుంది. అందుకే మడమ విరిగి వచ్చిన దింపు మనిషికి నడుం ఎక్స్‌రే కూడా తీస్తారు. ఈయనకి రెండూ విరిగాయి. అదృష్టం ఏంటంటే కాళ్లు కదులుతున్నాయి. నులకమంచం మీద వేస్తే కుంగిపోతుందని ఎవరో బుద్ధిమంతుడు పాక తలుపు ఊడదీసి, దాని మీద కదలకుండా పడుకోబెట్టి తెచ్చాడట.

ఆ ముందు వారంలో వరసగా రెండు ఆపరేషన్లు. తిరిగొచ్చిన డబ్బా నింపాల్సింది నేనే. స్క్రూలు నింపాను. ఇన్నర్లు చూశాను, ఆరున్నాయి. ఆరు స్క్రూల ఆపరేషన్‌కి ఆరు ఇన్నర్లు, సరిపోయిందనుకున్నాను. స్టోర్ తాళం మా సార్ దగ్గరుంది, ఆయన ఇంటికి వెళ్లి అడగడానికి బద్ధకించాను. అంతే సంగతి.

ఆ రోజు అంతా బాగానే సాగింది. టీ12, ఎల్‌1, ఎల్‌2. మూడు పూసలు, పక్కకి మూడు చొప్పున ఆరు స్క్రూలు. రాడ్‌ని కొంచెం వంచారు. టైటానియం రాడ్‌ని ఒకసారి వంచితే మళ్లీ వెనక్కి వంచకూడదు. గాటుపడ్డ చోట రాడ్ నీరసపడి, ఏడాదికో రెండేళ్లకో అక్కడే విరుగుతుంది. కొత్తగా వచ్చే కుర్రాళ్లకి నేను మొదటిరోజు చెప్పేదదే. డిస్ట్రాక్టర్ పెట్టి పై స్క్రూనీ కింది స్క్రూనీ ఎడం చేశారు. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్ తెర మీద, నలిగిపోయిన పూస కాస్త లేచింది. పూసల వెనక నిలువునా ఒక పట్టీ ఉంటుంది, సాగదీసేసరికి అది బిగుసుకుని, నరాల దారిలోకి పొడుచుకొచ్చిన ఎముక ముక్కని ముందుకి నెట్టింది. ముడతపడ్డ దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని లాగినట్టు. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

ఇన్నర్లు బిగిస్తున్నారు. ఒకటి, రెండు... అయిదోది వేశాక ఆరోది వంకరగా ఎక్కింది. మర మీద మర పడలేదు. వెనక్కి తీసి చూస్తే అంచు చితికిపోయింది. "ఇంకోటివ్వండి సిస్టర్" అన్నారు డాక్టర్ గారు. సిస్టర్ నా వైపు చూసింది. నేను లేజర్ లైటు డబ్బాలో ఇన్నర్ల గడి మీద పెట్టాను. గడి ఖాళీ.

నా నోట మాట రాలేదు. ఎర్రచుక్క ఆ ఖాళీ గడిలోనే వణుకుతూ ఉంది.

డాక్టర్ గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. పుండులో సెలైన్‌లో తడిపిన మాప్‌లు పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పించి, మత్తు డాక్టర్ గారితో ఏదో మాట్లాడి, స్టూలు మీద కూర్చున్నారు. "ఎంతసేపు?" అన్నారు. రాజమండ్రిలో మా వాడికి ఫోన్ చేశాను. హైవే మీద టైర్లు కాలుతున్నాయి, బండి కదలదు. వాడు మోటారు సైకిల్ మీద ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంక, లొల్ల లాకుల మీదుగా కాలవగట్టు పట్టుకుని వచ్చాడు. జేబులో పది ఇన్నర్లు. రెండు గంటలు పట్టింది.

ఆ రెండు గంటల్లో డాక్టర్ గారు నాతో మాట్లాడారు. బహుశా నా మొహం చూసి జాలేసి ఉంటుంది. అమెరికాలో హ్యూస్టన్‌లో పాల్ హ్యారింగ్టన్ అని ఒకాయన, పోలియోతో వెన్ను వంకరైన పిల్లలు వరదలా వచ్చి పడుతుంటే, స్టీలు రాడ్‌కి రెండు కొక్కేలు పెట్టి, లారీ జాకీలా ఒక్కో పన్నూ ఎక్కిస్తూ వెన్నుని నిలబెట్టాడట. 1962లో దాని మీద పేపరు రాశాడు. వంకర తగ్గింది గానీ, నడుంలో ఉండాల్సిన ఒంపు కూడా పోయి బల్లలాగా అయిపోయి, పెద్దయ్యాక కొందరు ముందుకి తూలి నడిచేవాళ్లట. పెడికిల్ గుండా స్క్రూ వేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో రాయ్-కమీ 1963లో మొదలుపెట్టాడు. అదే దేశంలో కోట్రెల్, డ్యూబూసే అని ఇద్దరు 1980ల్లో ముందే వంచిన రాడ్‌ని లోపల పెట్టి తిప్పడం మొదలుపెట్టారు. పక్కకి పోయిన వంకర అలా తిప్పేసరికి నడుం ఒంపుగా మారుతుంది. "ఏ సామాను మోస్తున్నావో తెలుసుకో" అన్నారు చివర్లో. ఆ మాట ఇంకోలా కూడా తగిలింది నాకు.

ఇన్నర్ వచ్చింది. ఆటోక్లేవ్‌లో పెట్టి తీసేసరికి ఇంకో అరగంట. ఎడమ వైపు అడుగు స్క్రూకి వేశారు. కౌంటర్ టార్క్ అని పొడుగు గొట్టం ఉంటుంది, బిగించేటప్పుడు రాడ్ మెలిపడకుండా దాన్నొక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో టార్క్ హ్యాండిల్ తిప్పుతారు. కావలసిన బిగువు రాగానే 'టక్' మంటుంది. ఆరు టక్‌లు లెక్కపెట్టాను. ఆ రోజు నుంచి డబ్బా నింపేటప్పుడు పైకే లెక్కపెడతాను. మా ఆవిడ నవ్వుతుంది. నిద్రలో కూడా లెక్కపెడుతున్నానంటుంది.

అంతా అయ్యాక స్టిక్కర్లు. ప్రతి ఇంప్లాంట్‌కీ లాట్ నంబరుతో స్టిక్కర్ ఉంటుంది, కేసు షీట్‌లో అతికించాలి. రేపు ఏ స్క్రూ అయినా విరిగితే ఎక్కడ తయారైందో దాన్ని బట్టే పట్టుకుంటారు. షీటు తిరగేస్తే పేరు కనబడింది. కింద ఊరి పేరు. మా ఊరే, అంబాజీపేట పక్కన. బోర్లా పడుకోబెట్టి గుడ్డలు కప్పిన మనిషిని నేను పొద్దుట్నించీ చూస్తున్నాను. మా పెరట్లో చెట్లకి దింపు తీసే బాబాయి ఆయన. చిన్నప్పుడు పైనుంచి "తప్పుకోండ్రా" అని అరిచి మరీ గెల వదిలేవాడు. బొండం కొట్టి మొదట నాకే ఇచ్చేవాడు.

ఆరో ఇన్నర్ సంగతి ఆయనకి చెప్పలేదు. పిన్నికీ చెప్పలేదు.

వార్డుకి వెళ్తే పిన్ని, "ఇయ్యన్నీ నువ్వే తెచ్చావంట గదా అబ్బాయి, తుప్పట్టవు కదా?" అంది. అందరూ మొదట అడిగేది అదే. గోదావరి జిల్లాల్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో చూస్తూ పెరిగినవాళ్లం. పట్టదు పిన్నీ అన్నాను. టైటానియానికి గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది, ఇక ఏదీ లోపలికి పోదు. ఎముకకి కూడా అదంటే కోపం లేదు. స్వీడన్‌లో బ్రానెమార్క్ 1950ల్లో కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం గొట్టం తీయబోతే రాలేదట, ఎముక పట్టేసుకుందట. ఆ లోహం తీసే ఇల్మనైట్ మన భీమిలి వైపు ఇసకలో నల్లగా మెరుస్తూనే ఉంటుంది. ఇవన్నీ పిన్నికి చెప్పలేదులెండి, "పట్టదు" అని మాత్రం చెప్పాను.

రెండో ప్రశ్న ఎయిర్‌పోర్టు. కోనసీమలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, ఆ బెంగ సహజం. టైటానియానికి ఒక్కోసారి మిషన్ కూస్తుంది, ఒక్కోసారి కూయదు. డిశ్చార్జి కాగితం దగ్గరుంచుకోమంటాను. ఎమ్మారై తీయించుకోవచ్చు, కాకపోతే స్క్రూల చుట్టూ బొమ్మ మసకగా వస్తుంది.

ఎవరూ అడగని సంగతి ఇంకోటుంది. స్క్రూలు వేశాం కదా, ఇక నడుం ఇనుములా ఉంటుందనుకుంటారు. రావులపాలెం లంకల్లో అరటితోటలు చూసినవాళ్లకి నేను ఇలా చెబుతాను: గెల వేసిన చెట్టుకి వెదురు గెడ పోటు పెడతాం, గెల దిగేదాకా అది మోస్తుంది. ఈ రాడ్ కూడా అంతే. మూడు నెలలో, ఆరు నెలలో, ఎముక అతుక్కునేదాకా మోస్తుంది. ఈలోపు ఎముక తన పని చెయ్యకపోతే లోహం అలిసిపోతుంది. ఎంత గట్టి స్క్రూ అయినా రోజూ వేలసార్లు వంగి లేస్తే ఏదో ఒకరోజు టప్పుమంటుంది, లేదా ఎముకలో వదులైపోతుంది. చుట్ట కాల్చేవాళ్లకి ఎముక అతుక్కోవడం ఆలస్యం, కొందరికి అతుక్కోనే అతుక్కోదు. బాబాయికి చుట్టంటే ప్రాణం. డాక్టర్ గారు చెబితే తలూపాడు. నేను మాత్రం పక్కన కూర్చుని, "బాబాయ్, నువ్వు కాలిస్తే నేను తెచ్చిన సామాను దండగ" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, దిండు కింద నుంచి చుట్టల కట్ట తీసి ఇచ్చాడు. మిగతావి ఎక్కడ దాచాడో నాకు తెలీదు.

ఈ ఉద్యోగంలో నేను మర్చిపోలేనిది ఇంకొక్క రోజు. ఆలమూరు వైపు నుంచి పద్నాలుగేళ్ల పిల్ల. జడ వేస్తుంటే ఒక భుజం రెక్క ఎత్తుగా ఉందని వాళ్లమ్మ గమనించింది. వంకర అప్పటికే అరవై డిగ్రీలు దాటింది. యాభై దాటితే ఎదుగుదల ఆగాక కూడా పెరుగుతూనే ఉంటుంది, ఆపరేషన్ చేస్తారు. పదహారు స్క్రూలు, గట్టిగా ఉండే కోబాల్ట్ క్రోమ్ రాడ్. నరాలని చూసుకునే మానిటర్ రావాల్సింది రాలేదు. రాడ్ తిప్పి వెన్ను సరిచేశాక, డాక్టర్లు పాత పద్ధతే పెట్టారు. మత్తు తేలిక చేసి, పిల్లని సగం లేపడం. స్టాగ్నారా అనే ఫ్రెంచి డాక్టర్ పేరు మీద 1973 నుంచి ఉన్న పరీక్ష.

మత్తు డాక్టర్ గారు గుడ్డల కింద దూరి, చెవి దగ్గర, "తల్లీ, నా వేళ్లు గట్టిగా పట్టుకో" అన్నారు. ముందు చేతులే అడగాలి. మాట వినబడుతోందో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది. "పట్టుకుంది" అన్నారు. "ఇప్పుడు కాళ్లు కదుపమ్మా." నేను కాళ్ల దగ్గరే ఉన్నాను. సిస్టర్ గుడ్డ ఎత్తి పట్టుకుంది. గోరింటాకు పండిన పాదాలు. కదల్లేదు. "కాలివేళ్లు కదుపు నాన్నా." ఎడమ బొటనవేలు చిన్నగా ఆడింది. తర్వాత కుడిది. "రెండూ!" అని అరిచింది నేనే. థియేటర్లో నేను నోరెత్తకూడదు, అయినా ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పిల్లని అడిగితే ఏదీ గుర్తులేదంది. ఎత్తు పెరిగానా అని మాత్రం అడిగింది.

బాబాయి కోలుకున్నాడు. ఎముక అతికాక స్క్రూలు తీయించుకోవచ్చని డాక్టర్ గారు అన్నారు. "ఉండనీయండి, నన్నేం అన్నం పెట్టమంటన్నాయా?" అన్నాడట. చెట్టు మళ్లీ ఎక్కలేదు. అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో కాయ లెక్కపెట్టే పనిలో కుదిరాడు. ఊరెళ్లినప్పుడు కనబడితే చొక్కా ఎత్తి మచ్చ చూపించి, "నీ సామాను బాగా పన్జేస్తంది" అనేవాడు. చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి.

పోయిన కార్తీకంలో గుండెపోటుతో పోయాడు. దహనానికి నేను అందుకోలేకపోయాను. మూడోరోజు పొద్దున్నే కువైట్ నుంచి వచ్చిన వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, నాన్నగారి అస్థికలు ఏరుతున్నాం. ఇనప ముక్కలు కనబడ్డాయి. నువ్వు వేయించినవేనా?"

ఫొటో పంపమన్నాను. టైటానియం కరగాలంటే 1668 డిగ్రీలు కావాలి, చితికి అంత వేడి ఎక్కడిది. రంగులు పోయి బూడిద రంగులో ఉన్నాయి. రెండు ముక్కలు. రాడ్‌కి మూడేసి స్క్రూలతో, చేలో లాగే చిన్న దంతెల్లాగా, ఒక్కటీ ఊడలేదు. ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టాను. ఆరు స్క్రూలు, రెండు రాడ్లు. ఇన్నర్లు ఒకటి, రెండు, మూడు. రెండో రాడ్ మీద నాలుగు, అయిదు. చివరిదాని మీద బూడిద పేరుకుని ఉంది.

"తమ్ముడూ, ఆ కొసదాని మీద ఓసారి తుడిచి చూడు, లోపల నట్టు ఉందా?"

"ఉంది అన్నయ్యా. ఏం?"

"ఏం లేదు. లెక్క."

అస్థికలు ముక్తేశ్వరం రేవులో గోదాట్లో కలిపారు. రాడ్లు కలపడానికి పిన్ని ఒప్పుకోలేదట. మొన్న సంక్రాంతికి వెళ్తే చూపించింది. చింతపండుతో తోమి, చూరులో బాబాయి దింపు కత్తి పక్కన దోపింది. కాళ్లకి వేసుకునే బందం కూడా అక్కడే, పన్నెండేళ్లుగా కదలకుండా వేలాడుతోంది.